ఐదు రూపాయల బిళ్ళ, పదిహేను ఇనుప కేంద్రకాలు

తిరుపతి బస్టాండు దగ్గర ఏ టీ బంకులోనైనా గల్లాపెట్టె తిరగేస్తే ఐదు రూపాయల బిళ్ళలు కనీసం రెండు రకాలు దొరుకుతాయి. పాతది మందంగా, చేతికి బరువుగా తగులుతుంది. దాని తూకం తొమ్మిది గ్రాములు. తర్వాత వచ్చిన పసుపుపచ్చ పల్చటి బిళ్ళ ఆరు గ్రాములే. టీ తాగేవాడికీ అమ్మేవాడికీ రెండూ ఒకటే, ఎవరూ వేరుచేసి చూడరు. తక్కెడలో వేసి వేరుచేస్తే మాత్రం ఏది ఏ కాలంలో టంకశాల దాటిందో ఇట్టే చెప్పొచ్చు. కొండమీద పరకామణిలో హుండీ నాణేలను రకాలవారీగా విడదీసినప్పుడు, మొత్తం ఎంతన్నదే కాదు, ఏయే దేశాల నుంచి జనం వచ్చారో కూడా తెలిసిపోతుంది.

మూలకాల సంగతీ ఇంతే. కేంద్రకంలో 26 ప్రోటాన్లు ఉంటే అది ఇనుము. న్యూట్రాన్లు 28 ఉండొచ్చు, 30 ఉండొచ్చు, 32 ఉండొచ్చు. తుప్పు పట్టడంలోనూ అయస్కాంతానికి అతుక్కోవడంలోనూ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా అంతా తూకంలోనే: 54, 56, 58. ఒకే విలువ, వేరే బరువు ఉన్న ఈ బిళ్ళలే ఐసోటోపులు. సౌర కుటుంబం బయటి నుంచి వచ్చి పడే కాస్మిక్ కిరణాల్లో ఈ ఐసోటోపులను విడివిడిగా తూచి లెక్కపెట్టడం గత యాభై ఏళ్ళ ఖగోళ భౌతికశాస్త్రంలో బహు ఓపికతో కూడిన పనుల్లో ఒకటి. ఎంత ఓపికంటే, పదిహేడేళ్ళు కాచుకుని పదిహేను కేంద్రకాలు పట్టుకున్నారు. ఆ పదిహేను చెప్పిన సంగతి మాత్రం చిన్నది కాదు.

పేరుకే కిరణాలు, నిజానికి ఇవి రేణువులు. 1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో ఐదు కిలోమీటర్ల పైకెళ్ళి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరుగుతోందని, కాబట్టి అది నేలలోంచి కాక ఆకాశం నుంచి వస్తోందని తేల్చాడు. వస్తున్నవి ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోయిన ఒట్టి కేంద్రకాలని, వాటిలో బరువైనవి కూడా ఉన్నాయని తెలియడానికి 1948 దాకా పట్టింది. కేంద్రకాల్లో దాదాపు తొంభై శాతం హైడ్రోజన్, తొమ్మిది శాతం దాకా హీలియం. కార్బన్, ఆక్సిజన్, నియాన్, ఇనుము వంటివన్నీ కలిపి మిగిలిన ఒక్క శాతంలో సర్దుకుంటాయి. కథంతా ఆ ఒక్క శాతంలోనే ఉంది.

మూలకాలను లెక్కపెట్టినా కొంత తెలుస్తుంది. లిథియం, బెరీలియం, బోరాన్ అనే మూడు తేలిక మూలకాలు సౌర కుటుంబంలో బహు అరుదు, ఎందుకంటే నక్షత్రాలు వాటిని పుట్టించవు సరికదా ఉన్నవాటినీ కాల్చేస్తాయి. కాస్మిక్ కిరణాల్లో చూస్తే ఇవి ఆ నిష్పత్తికి లక్షల రెట్లు ఎక్కువ. దారిలో నక్షత్రాల మధ్యనున్న పల్చటి హైడ్రోజన్ వాయువును గుద్దుకుని కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు పగిలి ముక్కలవుతాయి, ఆ ముక్కలే ఇవి. బండరాళ్ళ లారీ గుంతల రోడ్డు మీద ఎంత దూరం వచ్చిందో లారీ అడుగున పోగైన నుసిని చూసి అంచనా కట్టినట్టు, బోరాన్‌కూ కార్బన్‌కూ ఉన్న నిష్పత్తి చూసి ఆ కిరణాలు ఎంత పదార్థం గుండా వచ్చాయో చెప్పొచ్చు. చదరపు సెంటీమీటరుకు కొన్ని గ్రాములు, అంతే.

చిక్కెక్కడంటే, ఈ లెక్క కాలం సంగతి చెప్పదు. దట్టమైన మేఘంలోంచి గబగబా వచ్చినా అంతే నుసి, పల్చటి శూన్యంలో యుగాల తరబడి తిరిగినా అంతే నుసి. ఏది నిజం? మూలకాల పట్టికలు ఎన్ని వేసినా దీనికి జవాబు రాదు. దానికి తూకమే కావాలి.

ఆ తూకం తిరుపతిలో కూర్చుని వేయడం కుదరదు. ఎందుకు కుదరదో చూస్తే కొలత స్వభావం సగం అర్థమవుతుంది. టీ గ్లాసు పట్టుకున్న అరచేతిలోంచి సెకనుకు ఒకటి రెండు మ్యూఆన్లనే బుల్లి రేణువులు దూసుకుపోతూనే ఉంటాయి. ఇవి కాస్మిక్ కిరణాల సంతానమే, కాకపోతే మనవలు. పైన వాతావరణంలో కేంద్రకం గాలిని గుద్దుకుంటే పయాన్లనే క్షణభంగుర రేణువులు పుడతాయి, పయాన్ల నుంచి మ్యూఆన్లు. చిత్తూరు, తిరుపతి రోడ్డు మీద గాదంకి దగ్గర 1024 యాంటెనాలతో ఆకాశం కేసి చూస్తున్న ఎంఎస్‌టీ రాడార్, గాలి కదలికలను ఏ ఎత్తుల్లో కొలుస్తుందో ఇంచుమించు ఆ ఎత్తుల్లోనే, పదీ పదిహేను కిలోమీటర్ల పైన, ఈ పుట్టుకలన్నీ జరుగుతాయి. రాడార్‌కు వాటితో పనిలేదు లెండి. అరచేతిని దాటిపోయే మ్యూఆన్‌ను పట్టి అడిగినా తాత ఇనుమో హీలియమో చెప్పలేదు, తాత తూకం ఎంతో అసలే చెప్పలేదు. మన నెత్తిమీద ఉన్న గాలి మందం పది మీటర్ల నీటితో సమానం. అందులో మొదటి ఒకటి రెండు శాతం దాటేలోపే ఇనుప కేంద్రకాలు చాలామటుకు ముక్కచెక్కలైపోతాయి.

గాలి రెండో గోడ మాత్రమే. మొదటి గోడ భూమి అయస్కాంత క్షేత్రం. చార్జి ఉన్న రేణువును అది వంచేస్తుంది. వంగకుండా దూసుకొచ్చే మొండితనాన్ని రిజిడిటీ అంటారు, గిగావోల్టులలో కొలుస్తారు. ధ్రువాల దగ్గర ఈ గోడ దాదాపు ఉండదు. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతుంది కాబట్టి తిరుపతి వంటి చోట నడినెత్తి నుంచి దిగాలంటే సుమారు 17 గిగావోల్టుల మొండితనం కావాలి. ఐసోటోపులను బాగా తూచగలిగే శక్తుల్లో ఉన్న ఇనుప కేంద్రకానికి ఎంతుంటుంది? రెండు, రెండున్నర. గోడ ఎత్తుకు ఏడో వంతు. 1927లో డచ్ శాస్త్రవేత్త యాకోబ్ క్లే జావా నుంచి యూరప్‌కు ఓడలో పోతూ భూమధ్యరేఖ దగ్గర కాస్మిక్ కిరణాలు తగ్గడం గమనించాడు. ఆ తగ్గుదలకు కారణం ఈ గోడే.

హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు పరికరాలను పంపుతోంది. గాలి గోడను దాదాపు దాటేయగల నైపుణ్యం అది. అయినా ఐసోటోపుల కోసం బెలూన్లు ఎగరేసేవాళ్ళు కెనడాకో, స్వీడన్‌కో, అంటార్కిటికాకో పోతారు. హైదరాబాద్‌లో లోటేమీ లేదు, అక్కడ తలుపు వేసింది భూమి. తమాషా ఏమిటంటే ఇదే గోడ ఇంకొకరికి నీడ. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్ళిన ఆస్ట్రోశాట్‌ను భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలులోనే తిప్పుతున్నారు, ఎక్స్‌రేలు చూసే దాని కంటికి ఈ రేణువుల రొద తగ్గాలని.

పక్కకు పోయినా ఒక మాట చెప్పుకోవాలి. కుప్పం దాటి సరిహద్దు అవతల ఉన్న కోలార్ బంగారు గనుల్లో, చిత్తూరు వైపు నుంచి కూడా తరాల తరబడి కూలీలు దిగిన ఆ గనుల్లో, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల (దేనికీ దాదాపు తగలకుండా దూసుకుపోయే రేణువుల) జాడ పట్టారు. రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున, మ్యూఆన్లు కూడా అడుగంటిపోయే చోట. కాస్మిక్ కిరణాల మనవళ్ళ సంగతి కావాలంటే అలా భూమిలోకి దిగాలి. తాతల తూకం కావాలంటే ఆకాశానికెక్కాలి, అదీ భూమి అయస్కాంతం పట్టు దాటేదాకా.

అలా ఎక్కినదే ఏస్ అనే అమెరికన్ వ్యోమనౌక. 1997 ఆగస్టు 25న బయల్దేరి, భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి లాగుడూ భూమి లాగుడూ పొసగి నౌక భూమితోపాటే తిరగగలిగే ఎల్1 బిందువు చుట్టూ తిరుగుతోంది. ఈ ఎల్1 పేరు తిరుపతి జిల్లావాళ్ళకు కొత్త కాదు. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక శ్రీహరికోట ఈ జిల్లాలోకే వచ్చింది, 2023 సెప్టెంబరు 2న అక్కడి నుంచి ఆదిత్య వెళ్ళిందీ ఆ బిందువుకే. చిరునామా ఒకటే అయినా పనులు వేరు. ఆదిత్యలో రేణువులను కొలిచే ఆస్పెక్స్ పరికరం సౌర పవనాన్ని (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే రేణువుల గాలిని), దానికన్నా కొంచెం చురుకైన రేణువులను చూస్తుంది. ఏస్‌లోని క్రిస్ అనే పరికరం మొదలయ్యేదే ఆ శక్తులకు పది రెట్ల పైన.

క్రిస్‌ను కాస్త దగ్గరగా చూడాలి. లోపల నాలుగు దొంతర్లు. ఒక్కో దొంతరలో పది సెంటీమీటర్ల వ్యాసం, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న సిలికాన్ పలకలు పదిహేను, దోసెల దొంతరలా ఒకదాని మీద ఒకటి. కేంద్రకం ఒక్కో పలకలోంచి దూరుతూ కొంత శక్తిని వదులుతుంది, ఆ వదిలినది విద్యుత్ సంకేతంగా బయటికొస్తుంది. వదిలే శక్తి రెండింటి మీద ఆధారపడుతుంది: చార్జి ఎక్కువైతే ఎక్కువ, అదీ వర్గం లెక్కన, వేగం ఎక్కువైతే తక్కువ. పలక పలకకూ వేగం తగ్గుతుంది, వదిలే శక్తి పెరుగుతుంది, చివరికి ఏదో ఒక పలకలో కేంద్రకం ఆగిపోతుంది. ఆగడం ముఖ్యం. ఆగితేనే మొత్తం శక్తి ఎంతో లెక్క తేలుతుంది.

ఒకే వేగంతో రెండు ఇనుప కేంద్రకాలు వచ్చాయనుకుందాం. ఒకటి 56, ఇంకొకటి 57. చార్జి ఒకటే కాబట్టి రెంటికీ బ్రేకు ఒకేలా పడుతుంది. బరువున్నది కొంచెం ఎక్కువ దూరం పోయి ఆగుతుంది, నిండు బస్సు ఖాళీ బస్సు కన్నా ముందుకు జారి ఆగినట్టు. ఎంత ఎక్కువ? కాంతి వేగంలో ఇంచుమించు మూడింట రెండొంతుల వేగంతో వచ్చిన 56 ఇనుము 28 మిల్లీమీటర్ల సిలికాన్ దాటి ఆగిందనుకుంటే, 57 ఇనుము 28.5 దగ్గర ఆగుతుంది. అర మిల్లీమీటరు తేడా. రెండూ ఆగేది పదో పలకలోనే. పలక సంఖ్య చూసి చెప్పలేం, ఆ పదో పలకలో వదిలిన శక్తినీ దాని ముందరి పలకల్లో వదిలినదాన్నీ బేరీజు వేసి చెప్పాలి. పలకల మందం అంగుళం అంగుళం ముందే కొలిచి పటం గీసి పెట్టుకోకపోతే ఈ బేరీజు సాగదు.

అంతటితో అయిపోలేదు. కేంద్రకం నిటారుగా దిగుతుందన్న హామీ లేదు, ఏటవాలుగా వస్తుంది. 30 డిగ్రీల వాలున వస్తే ప్రతి పలకలోనూ నడిచే దూరం 15 శాతం పెరుగుతుంది. ఇది 30 డిగ్రీలా 31 డిగ్రీలా అన్న దగ్గర తప్పు చేస్తే దూరం లెక్క ఒక శాతం మారుతుంది. ఇనుము దగ్గర ఒక శాతం అంటే అర యూనిట్ బరువు. 56కీ 57కీ మధ్య గీత చెరిగిపోవడానికి ఆ ఒక్క డిగ్రీ చాలు. అందుకే దొంతర్లకు పైన వేలకొద్దీ సన్నటి మెరిసే పోగులను అడ్డంగా, నిలువుగా పరిచారు. కేంద్రకం తగిలిన పోగు మిణుక్కుమంటుంది, ఆ మిణుకులను కెమెరా పట్టుకుంటుంది, దాన్నిబట్టి దారి ఎటు వాలిందో తెలుస్తుంది. చూడ్డానికి సహాయక పరికరంలా అనిపించే ఈ పోగుల జల్లెడ లేకపోతే మిగతా సిలికాన్ అంతా వృథా. బరువు తూచే పరికరంలో సగం శ్రమ కోణం కొలవడానికే పోయిందన్న సంగతి చాలా వ్యాసాల్లో ఒక వాక్యంతో దాటిపోతుంది. ఈ కొలత ఎందుకంత ఆలస్యంగా సాధ్యమైందో చెప్పే సంగతి అదే.

కొన్ని కేంద్రకాలు సిలికాన్‌లోనే పగిలిపోతాయి. వాటిని ఏరేయాలి. పలకలు అన్ని ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది: ఒకే కేంద్రకం తూకాన్ని వేర్వేరు పలకల జంటలతో మళ్ళీ మళ్ళీ లెక్కకట్టి, జవాబులు పొసగకపోతే దాన్ని పక్కన పడేస్తారు. మిగిలినవాటిని గీస్తే 54 దగ్గర ఒక చిన్న గోపురం, 56 దగ్గర రాజగోపురం, 57, 58 దగ్గర పొట్టివి. గోపురాల మధ్య లోయ కనిపిస్తేనే కొలత నమ్మదగ్గది. ఇనుము దగ్గర క్రిస్ తూకంలో తడబాటు పావు యూనిట్‌కు అటూఇటూ, అందుకే లోయలు కనిపిస్తాయి.

ఇంకో పద్ధతి ఉంది. కేంద్రకాన్ని ఆపకుండా, అయస్కాంతంలో ఎంత వంగిందో చూసి రిజిడిటీ కట్టడం, వేగాన్ని చెరెంకోవ్ కాంతి (వేగంగా పోయే రేణువు పారదర్శక పదార్థంలో పుట్టించే వెలుగు) వలయం సైజుతో విడిగా కొలవడం. రెండూ తెలిస్తే బరువు తేలుతుంది. 2011 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న ఏఎంఎస్ అనే పరికరం ఈ బాపతే, 2024లో స్వీడన్ నుంచి బెలూన్‌లో ఎగిరిన హీలిక్స్ కూడా. సిలికాన్‌లో ఆగనంత శక్తి ఉన్నవాటిని ఇలాగే పట్టాలి. కాకపోతే వేగం కాంతి వేగానికి దగ్గరయ్యేకొద్దీ వేగంలో ఇసుమంత పొరపాటు బరువులో బండెడు పొరపాటవుతుంది. బెరీలియం 9నీ 10నీ విడదీయాలంటే వేగాన్ని వెయ్యిలో ఒక వంతు కచ్చితత్వంతో కొలవాలి. మన దేశం నుంచి 1985లో అమెరికా స్పేస్ షటిల్ మోసుకెళ్ళిన స్పేస్‌ల్యాబ్ ప్రయోగశాలలో వెళ్ళిన అనురాధ ప్రయోగం పూర్తిగా వేరే దారి పట్టింది. సుకుమార్ బిశ్వాస్ నాయకత్వంలో టాటా ఇన్‌స్టిట్యూట్ జట్టు ప్లాస్టిక్ రేకుల్లో రేణువులు చేసిన గాట్లను చదివింది. అక్కడి ప్రశ్న తూకం కాదు, తక్కువ శక్తి కేంద్రకాలకు ఎలక్ట్రాన్లు ఎన్ని ఊడాయన్నది.

ఇక తూకం చెప్పిన సంగతులు. మొదట కాలం.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్ళకు టైం చీటీ తెలుసు. కింద బయల్దేరిన టైం రాసిస్తారు, పైన చూస్తారు, మరీ తొందరగా చేరితే స్పీడుగా తోలినట్టు లెక్క. కాస్మిక్ కిరణాలకు ఆ చీటీ బెరీలియం 10. బెరీలియం మొత్తం దారిలో పగిలి పుట్టిందే. అందులో 9 శాశ్వతం. 10 మాత్రం దాదాపు 14 లక్షల ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోతుంది. పుట్టేటప్పుడు రెండూ ఏ పాళ్ళలో పుడతాయో ప్రయోగశాలల్లో చేసిన గుద్దుడు ప్రయోగాల నుంచి తెలుసు. ఇక్కడికి చేరేసరికి 10 ఎంత మిగిలిందో చూస్తే దారిలో ఎంతసేపు తిరిగాయో తేలుతుంది. 1977లో షికాగో విశ్వవిద్యాలయం జట్టు ఐఎంపీ ఉపగ్రహాల కొలతలతో సుమారు 1.7 కోట్ల ఏళ్ళని చెప్పింది, పొరపాటు హద్దులు చాలా వెడల్పు. 2001లో క్రిస్ లెక్క 1.5 కోట్ల ఏళ్ళు, హద్దులు బాగా ఇరుకు.

బెరీలియంలోనే ఇంకో వింత ఉంది. 7 అనే ఐసోటోపు భూమ్మీద 53 రోజులకు సగమైపోతుంది. కాస్మిక్ కిరణాల్లో చూస్తే అది కోట్ల ఏళ్ళ తర్వాతా చెక్కుచెదరకుండా ఉంటుంది. అది క్షయం కావాలంటే తన చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌ను మింగాలి. ఒట్టి కేంద్రకానికి మింగడానికి ఎలక్ట్రానే లేదు. ఈ మెలిక గుర్తుంచుకోవాలి, కాసేపట్లో మళ్ళీ పనికొస్తుంది.

1.5 కోట్ల ఏళ్ళు ఎక్కువా తక్కువా? ఘాట్ రోడ్డు మీదే ఒక మలుపులో 250 కోట్ల ఏళ్ళ గ్రానైట్ మీద 160 కోట్ల ఏళ్ళ క్వార్ట్‌జైట్ కూర్చుని ఉంటుంది, మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతు. ఆ రాళ్ళ ముందు కాస్మిక్ కిరణాలు నిన్నటి పిల్లలు. ఇంకో పక్క నుంచి చూస్తే, పాలపుంత అడ్డకొలత లక్ష కాంతి సంవత్సరాలే, కాంతి వేగంలో సగానికి పైగా పరుగెత్తేవి అందులోంచి బయటపడకుండా 1.5 కోట్ల ఏళ్ళు తిరుగుతున్నాయంటే తిన్నగా పోవడం లేదన్నమాట. అయస్కాంత క్షేత్రాల్లో చిక్కుకుని సందుగొందులు తిరుగుతున్నాయి. అందుకే వచ్చిన దిక్కు చూసి పుట్టిల్లు చెప్పడం కుదరదు.

ఇప్పుడు ఆ నుసి లెక్కను, ఈ కాలం లెక్కను కలిపితే జవాబు పడుతుంది. అంత కాలం తిరిగి అంత తక్కువ పదార్థమే దాటాయంటే, తిరిగిన చోట ఘన సెంటీమీటరుకు సగటున 0.34 హైడ్రోజన్ పరమాణువులే ఉండాలి. పాలపుంత పళ్ళెంలో సగటున ఒకటి దాకా ఉంటాయి. కాబట్టి ఈ కేంద్రకాలు పళ్ళెంలోనే ఉండకుండా, ఎక్కువ కాలం దానికి పైనా కిందా ఉన్న పల్చటి ప్రాంతంలో షికారు చేసి వస్తున్నాయి. ఇదంతా బెరీలియంలో ఒక్క న్యూట్రాన్ తేడాను తూచడం వల్ల తెలిసింది. బలహీనత కూడా అక్కడే ఉంది. గుద్దుడులో ఏ ముక్క ఎన్ని పాళ్ళు పుడుతుందన్న ప్రయోగశాల అంకెల్లో ఇప్పటికీ చాలా చోట్ల పది, ఇరవై శాతం సందేహం ఉంది. ఆకాశంలో పరికరాలు ఎంత నిక్కచ్చిగా తూచినా నేలమీద ఈ అంకెలు మెరుగుపడనిదే లెక్క మెరుగుపడదు. డబ్బు మాత్రం ఎక్కువగా ఆకాశం వైపే పోతుంది.

రెండోది పుట్టిల్లు. నియాన్‌లో 20, 22 అనే రెండు బిళ్ళలు. సౌర పవనంలో 22 బాగా తక్కువ, పద్నాలుగు 20లకు ఒకటి. కాస్మిక్ కిరణాల్లో దారిలో పుట్టిన ముక్కలను తీసేసి, బయల్దేరిన చోటికి లెక్క వెనక్కి కడితే 22 వాటా సూర్యుడి కన్నా ఐదు రెట్లు పైన తేలుతుంది. అంత నియాన్ 22 ఎక్కడిది? ఉల్ఫ్-రయే నక్షత్రాలు అని, సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు భారీగా పుట్టి, పై పొరలను పెనుగాలిలా ఊదిపారేసేవి ఉన్నాయి. హీలియం మండుతున్నప్పుడు వాటి కడుపులో నియాన్ 22 పోగవుతుంది, గాలితో బయటికి పోతుంది. మామూలు అంతర్‌నక్షత్ర వాయువు ఎనభై పాళ్ళు, ఇలాంటి నక్షత్రాలు వదిలినది ఇరవై పాళ్ళు కలిపితే నియానే కాదు, ఇంకొన్ని నిష్పత్తులు కూడా సరిపోతున్నాయి. భారీ నక్షత్రాలు ఒంటరిగా పుట్టవు, గుంపులుగా పుట్టి, గుంపులోనే తక్కువ కాలంలో ఒకటి తర్వాత ఒకటి పేలతాయి. కాస్మిక్ కిరణాలకు పుట్టిల్లు ఒక్క సూపర్‌నోవా (పేలిపోయే భారీ నక్షత్రం) కాదు, అలాంటి బస్తీ.

అయితే ఒక అనుమానం ఎప్పటినుంచో ఉంది. సూపర్‌నోవా పేలినప్పుడు అప్పుడే వండిన తన మూలకాలనే అది విసురుతోందా, లేక చుట్టూ ఉన్న పాత సరుకును పేలుడు తరంగం ఊడ్చుకుపోతోందా? దీన్ని తేల్చింది నికెల్ 59. బెరీలియం 7 లాగే దీనికీ క్షయం కావాలంటే ఎలక్ట్రాన్ కావాలి. ఎలక్ట్రాన్లు ఉన్నంతకాలం 76 వేల ఏళ్ళకు సగమవుతూ కోబాల్ట్ 59గా మారుతుంది. వేగం పుంజుకుని ఎలక్ట్రాన్లు ఊడిన క్షణాన గడియారం ఆగిపోతుంది, ఇక ఎన్ని కోట్ల ఏళ్ళు తిరిగినా మారదు. అంటే ఇది ప్రయాణ కాలాన్ని కాక, బస్సెక్కే ముందు స్టాండులో కాచుకున్న కాలాన్ని చెబుతుంది. పేలిన వెంటనే బయల్దేరి ఉంటే నికెల్ 59 దండిగా కనిపించాలి. 1999లో క్రిస్ జట్టు చూస్తే 59 దగ్గర నికెల్ దాదాపు లేదు, కోబాల్టే ఉంది. వండిన తర్వాత కనీసం లక్ష ఏళ్ళు ఆ సరుకు ఊరికే పడి ఉంది. దాన్ని తరిమింది ఇంకో పేలుడు. తను వండింది తనే వడ్డించుకోలేదన్నమాట.

కనీసం లక్ష ఏళ్ళు సరే, గరిష్ఠంగా ఎంత? ఇక్కడికే ఆ పదిహేను కేంద్రకాలు వస్తాయి.

ఇనుము 60 భూమ్మీద సహజంగా ఉండదు. 26 లక్షల ఏళ్ళకు సగం చొప్పున అంతరించిపోతుంది, దానికి ఎలక్ట్రాన్ సాయమూ అక్కర్లేదు. భారీ నక్షత్రాలు వండి, సూపర్‌నోవాలో బయటికి వదులుతాయి. పసిఫిక్ అడుగున పేరుకున్న పొరల్లో దాని ఆనవాళ్ళు దొరికాయి, రెండు మూడు మిలియన్ల ఏళ్ళ కిందట దగ్గర్లో ఏవో పేలాయనడానికి అది సాక్ష్యం. కాస్మిక్ కిరణాల్లో అది ఉందా లేదా అన్నది మాత్రం తూకం వేసేదాకా తెలియదు. తూకం సులువు కాదు, పక్కనే రాజగోపురంలా 56 ఉంది. దాని తోకలోంచి ఒకటి రెండు జారి 60 దగ్గర పడినా మోసపోతాం. అందుకే పదిహేడేళ్ళ కొలతల్లోంచి కోణం, పగుళ్ళ పరీక్షలన్నీ దాటినవాటినే ఏరారు. 2016లో ప్రకటించిన లెక్కలో 56 ఇనుము కేంద్రకాలు 2,95,000 దాకా ఉన్నాయి. 60 ఇనుము పదిహేను. పద్నాలుగు నెలలకు ఒకటి చొప్పున.

పదిహేనైనా సరే, ఉన్నాయన్నదే అసలు సంగతి. 26 లక్షల ఏళ్ళకు సగమయ్యే సరుకు ఇంకా చేతికందుతోందంటే, వండి తరిమి ఇక్కడికి చేర్చడం మొత్తం కొన్ని మిలియన్ల ఏళ్ళలోనే జరిగి ఉండాలి. ముందు చెప్పిన 1.5 కోట్ల ఏళ్ళు సగటు లెక్క, ఇవి మాత్రం త్వరగా చేరినవి. నికెల్ లక్ష ఏళ్ళ కన్నా ఎక్కువంది, ఇనుము కొన్ని మిలియన్ల కన్నా తక్కువంటోంది. ఆ రెంటి మధ్య ఇరుక్కున్న జవాబు భారీ నక్షత్రాల గుంపులో ఒక పేలుడుకూ ఇంకో పేలుడుకూ ఉండే ఎడంతో సరిగ్గా పొసగుతుంది. నియాన్ చెప్పిన బస్తీ కూడా అదే. ఆ కొద్దికాలంలో కేంద్రకాలు సందుగొందులు తిరిగి ఎంత దూరం రాగలవో లెక్కకడితే మూడు వేల పైచిలుకు కాంతి సంవత్సరాల లోపు. పాలపుంత కొలతల్లో అది పక్కవీధి.

ఆ పదిహేనులోంచి కూడా జట్టు తీసివేత చేసింది. బరువైన కేంద్రకాలు దారిలో పగిలి 60గా మారినది ఒకటి ఉండొచ్చని అంచనా, పరికరం లోపలి గుద్దుడు వల్ల పొరపాటున 60లా కనిపించినది ఇంకొకటి. మిగిలినవి పదమూడు.